పేరయ్య బతికే ఉన్నాడు

నేను ఒక ఫొటోని. పెళ్లి బంతిలో అన్నం తింటున్నవాళ్ల మీదికి లైటు వేసి తీసే రకాన్ని కాను. నల్ల ఫ్రేములో, అద్దం వెనక, నాకోసమే పెట్టిన దీపం కింద వేలాడే రకాన్ని. నా ముందు మనుషులు గొంతు తగ్గించి మాట్లాడతారు. కొందరు చేతులు వెనక్కి కట్టుకుని, తల ఓ పక్కకు వాల్చి, అంతా అర్థమైపోయినట్టు నిట్టూరుస్తారు.

నేను పుట్టింది గుంటూరు దగ్గర ఒక మిరప కల్లంలో. సామ్రాజ్యం అనే ఆవిడ ఎండు మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. ఘాటు కళ్లకెక్కి చెంపల మీదుగా నీళ్లు కారుతున్నాయి. పైట చెంగుతో మొహం రుద్దుకుంటే బొట్టు కాస్తా చెరిగిపోయింది. సరిగ్గా అప్పుడే చక్రధర్ గారి కారు రోడ్డు పక్కన ఆగింది. ఆయన కళాకారుడు, పల్లెల్లో దుఃఖం దొరుకుతుందేమోనని ఆదివారాలు కారేసుకుని తిరుగుతుంటారు. ఆవిణ్ణి చూడగానే ఆయన మొహం వెలిగిపోయింది. గబగబా ఫొటో తీసుకుని వెళ్లిపోయారు. పేరు అడగలేదు. ఆ కన్నీళ్లెందుకని కూడా అడగలేదు.

ఇంటికెళ్లాక నా రంగులన్నీ తీసేశారు. రంగులుంటే వెనకున్న మిరప రాశి కనపడుతుంది, కన్నీళ్ల గుట్టు తెలిసిపోతుంది. నలుపు తెలుపుల్లో అదే రాశి చితిలో బొగ్గుల్లా కనిపించింది. కింద చీటీ అతికించారు: "ఆరిన దీపం. భర్తను పోగొట్టుకున్న పల్లె స్త్రీ."

విజయవాడలో ప్రదర్శన పెట్టిన మొదటిరోజే ఒక ప్రొఫెసరు గారు నన్ను చూసి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఒకావిడ వెక్కి వెక్కి ఏడ్చి, జుట్టు సర్దుకుని, నా పక్కన నిలబడి సెల్ఫీ దిగింది. మర్నాడు చీటీతో సహా పేపర్లో పడ్డాను. ఫొటోకి ఇంత శక్తి ఉందని అప్పటిదాకా నాకు తెలియదు. కత్తీ కటారూ లేకుండా ఒక మనిషిని చంపేశాను.

చచ్చినాయన ఆ వారంలోనే హాల్లోకి నడిచొచ్చాడు. తెల్ల చొక్కా, భుజాన కండువా. సామ్రాజ్యం మొగుడు, పేరు పేరయ్య. ముందు ఆవిడ, వెనక ఆయన.

"ఏందయ్యా, నువ్వేనా నన్ను ముండమోపిని చేసింది?" అంటూ ఆవిడ చక్రధర్ గారికి అడ్డంగా నిలబడింది. "మా ఆడబిడ్డ పేపర్లో చూసి నరసరావుపేట నుంచి బస్సులో ఏడ్చుకుంటా వచ్చింది. ఈయనేమో అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తన్నాడు. చూసి జడుసుకుని పడిపోయింది. మా చెల్లెలి అత్తగారోళ్లు పెళ్లికి పసుపు దంచను రమ్మన్నోళ్లు, ఇప్పుడు రావద్దని కబురంపారు. మొగుడు బతికే ఉన్నాడంటే, పేపర్లో ఎందుకు రాస్తారూ అంటన్నారు!"

చక్రధర్ గారు కళ్లు అరమోడ్చారు. "అమ్మా, ఇది మీ ఒక్కరి కథ కాదు. కళలో ఒక సార్వజనీనత ఉంటుంది."

"అది ఉంటే ఉండనీయండి సార్," అన్నాడు పేరయ్య మర్యాదగా. "నేను కూడా ఉన్నాను గదా."

నిర్వాహకుడు పరుగున వచ్చాడు. బహుమతులు నిర్ణయించే ముఖ్య అతిథి కారు గేటు దాటి లోపలికొచ్చింది మరి. "పెద్దాయనా, తమరు కాసేపు ఆ గదిలో కూర్చోండి, టీ పంపిస్తాను. తమరు కనపడితే ఫొటో దెబ్బతింటుంది" అని పేరయ్యను లోపలికి పంపి తలుపేశాడు.

సామ్రాజ్యం కదల్లేదు. అప్పుడే నన్ను నిదానంగా చూసింది. తన మొహం అంత పెద్దగా ఎప్పుడూ చూసుకోలేదు కాబోలు, దగ్గరికొచ్చి అద్దం మీద చెంపలున్న చోట వేలితో తడిమింది.

"బొమ్మ బాగా తీశావయ్యా," అంది చివరికి, కోపం తగ్గిన గొంతుతో. "మాటే చెడగొట్టావు."

సంచిలోంచి బొట్టుబిళ్లల అట్ట తీసింది. ఎర్రటిది ఒకటి ఊడదీసి, నా అద్దం మీద, నుదురున్న చోట గట్టిగా అద్దింది. "నా పేరు సామ్రాజ్యం. మా ఆయన పేరు పేరయ్య. ఆ చీటీ పీకి, అది రాయి."

"రాస్తానమ్మా, తప్పకుండా" అన్నారు చక్రధర్ గారు. ఆవిడ గది తలుపు తీసి మొగుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లిపోయింది.

చక్రధర్ గారు బిళ్ల పీకేయడానికి చెయ్యి చాపారో లేదో, ముఖ్య అతిథి వచ్చేశారు. రిటైరైన పెద్ద అధికారి, కవిత్వం కూడా రాస్తారు. నా ముందు ఆగిపోయారు.

"ఆహా! నలుపు తెలుపుల శోకంలో ఒకే ఒక్క ఎర్ర చుక్క! పోయిన భర్త జ్ఞాపకం చెరిపినా చెరగదని ఎంత బాగా చెప్పావయ్యా చక్రధర్!"

చాపిన చెయ్యి మెల్లగా నమస్కారంగా మారింది. "మీ దృష్టికి అందింది సార్. ఆ చుక్క కోసం ఎన్ని నిద్రలేని రాత్రులు గడిపానో!"

మొదటి బహుమతి నాదే.

ఇప్పుడు హైదరాబాదులో ఒక మ్యూజియంలో ఉంటున్నాను. చల్లటి గది, తెల్లటి గోడ. చీటీ మార్చారు, నిజమే. "పేరు తెలియని స్త్రీ. దివంగతుడైన భర్త స్మృతిలో" అని ఇత్తడి పలక మీద చెక్కించారు.

ఒక మాట మాత్రం ఒప్పుకోవాలి. అంతదాకా ఏదో కీచులాడుకుంటూ వచ్చిన ఆలుమగలు ఆ పలక చదవగానే మాట ఆపేస్తారు. ఆవిడ చెయ్యి మెల్లగా ఆయన చేతిని వెతుక్కుంటుంది. ఆ పూటకు వాళ్ల కాపురం చల్లబడుతుంది. పోకుండానే ఇంత పుణ్యం కట్టుకుంటున్నావని పేరయ్యకు ఎవరైనా కబురు పెడితే బాగుండు. పెడదామంటే ఆయన ఊరేదో కూడా ఎవరూ అడగలేదు.