పక్క ఫైలు

"ఈ తిరుగుడంతా ఎందుకు? ఫైలు తెరువు, రాయి, మూసెయ్. ఇంత చిన్న పనికి ఇంత కోడా?" అన్నాడు భర్త, ఆమె కుర్చీలో కూర్చుని, ఆమె పెట్టిచ్చిన కాఫీ తాగుతూ.

ఆమె వంటగదిలో బీన్స్ ఈనెలు తీస్తోంది. ఎందుకో చెబుదామని నోరు తెరిచింది. ఈలోగా లోపలి గదిలోంచి అత్తగారు "అమ్మాయ్, వేడినీళ్ళ సంచీ!" అని పిలిచారు. నీళ్ళు కాచి, సంచీలో పోసి, ఆవిడ నడుం కింద సర్ది వచ్చేసరికి ఆయన తాను తిరుగుడన్న నాలుగు లైన్లూ తీసేసి, కప్పు కీబోర్డు పక్కనే వదిలేసి వెళ్ళిపోయాడు. "ఉత్త భయస్తుల కోడ్. ఆడవాళ్ళు రాస్తే ఇంతే" అనడం మాత్రం మరిచిపోలేదు.

ఆ నాలుగు లైన్లూ ఎందుకున్నాయో తెలియాలంటే ఆ ఇంట్లో ఆమె పొద్దు ఎలా గడుస్తుందో తెలియాలి. ఇద్దరూ ఒకే క్లాసులో పీహెచ్‌పీ అనే కంప్యూటర్ భాష నేర్చుకున్నారు. మార్కులు ఆమెకే ఎక్కువ. పెళ్ళయ్యాక ఆయన ఇంట్లోనే వెబ్‌సైట్లు చేసే ఆఫీసు పెట్టాడు. గుమ్మం పక్కన బోర్డు మీద ఆయన పేరొక్కటే ఉంటుంది. ఆయనకు గది ఉంది, ఆ గదికి తలుపుంది, అది మూసుకుంటే అత్తగారు కూడా మునివేళ్ళ మీద నడుస్తారు. "హుష్, అబ్బాయి పనిలో ఉన్నాడు" అంటారు. ఆమె కంప్యూటరేమో భోజనాల బల్ల చివర, పచ్చడి సీసాల పక్కన. అక్కడ కూర్చున్న మనిషి పనిలో ఉన్నట్టు ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. "ఖాళీగానే ఉన్నావుగా, ఆ బట్టలు తీసుకురా." "ఖాళీగానే ఉన్నావుగా, గ్యాసువాడొచ్చాడు చూడు." మొదలుపెట్టిన లైను ఒక్క ఊపులో పూర్తిచేసిన పాపాన ఆమె ఎన్నడూ పోలేదు.

పీహెచ్‌పీలో ఒక ఫైలును తిరగరాయడానికి తెరిస్తే, తెరిచిన క్షణానే అందులో ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. కొత్త అక్షరం ఒక్కటీ పడకముందే పాతది మాయం. ఆ మధ్యలో పని ఆగిందా, రెంటికీ చెడినట్టే. అందుకే ఆమె అసలు ఫైలును ముట్టుకోదు. రాయాల్సిందంతా ముందు ఒక పక్క ఫైలులో రాస్తుంది. అంతా సరిగ్గా పడిందని చూసుకున్నాక, ఆఖర్న దానికి అసలు ఫైలు పేరు పెట్టేస్తుంది, అప్పుడది పాతదాని చోటులోకి వస్తుంది. మధ్యలో ఏం ఆగినా చెడేది పక్క ఫైలే, పాతది పదిలంగా ఉంటుంది. పుస్తకాల్లో ఉన్న పద్ధతే, కాకపోతే ఆమెకు దాన్ని బాగా వంటబట్టించింది అత్తగారి పిలుపులు. ఆయన మాత్రం నేరుగా అసలు ఫైలే తెరిచి రాస్తాడు. మొదలెట్టింది పూర్తవుతుందో లేదో అనే అనుమానం ఆయనకెందుకొస్తుంది? పుట్టి బుద్ధెరిగాక ఆయన్ని సగం పనిలో లేపిందెవరు?

ఆ కోడ్ ఒక పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌ది. ఎవరెప్పుడు రావాలో రాసి ఉంచే అపాయింట్‌మెంట్ల ఫైలు. ఆయన కోడ్ "శుభ్రం" చేసిన వారంలోనే ఒక ఉదయం, సరిగ్గా ఆ ఫైలులో రాస్తున్న క్షణాన సర్వర్ ఆగిపోయింది. ఫైలు ఖాళీ అయింది. కాసేపటికే డాక్టరమ్మ ఫోను. ఆయన స్పీకర్ పెట్టాడు.

"ఏమండీ, బుగ్గలు వాచిన జనం నా గుమ్మంలో 'నా వంతంటే నా వంత'ని కొట్టుకుంటున్నారు. లిస్టు తెరిస్తే తెల్లకాగితంలా ఉంది. ఎవరు చేశారీ ఘనకార్యం?"

"మా ఆవిడ రాసింది మేడమ్. ఇంట్లో ఖాళీగా ఉంటుంది, కాలక్షేపం అవుతుందని ఇచ్చాను. ఇవ్వడం నాదే తప్పు."

ఎంత పెద్ద మనసు! చేతులు తుడుచుకుంటూ నిలబడ్డ ఆమె ముందుకు ఫోను తోసి, "సారీ చెప్పు. ఎక్కువ మాట్లాడకు" అని గొణిగాడు.

ఆమె ఎక్కువేం మాట్లాడలేదు. "రాసింది నేనే మేడమ్. ఇలా పోకుండా నాలుగు లైన్లు కూడా పెట్టాను. వాటిని తీసేసింది మాత్రం నేను కాదు. రోగులకు వెళ్ళిన ఈమెయిళ్ళు ఉన్నాయి, వాటిలోంచి సాయంత్రానికి లిస్టు తెచ్చిపెడతాను."

ఫోను పెట్టగానే ఇల్లు ఆమె మీద విరుచుకుపడింది. "బయటివాళ్ళ ముందు నా పరువు తీస్తావా? ఇకమీద రాయడం నీ పని, మాట్లాడటం నా పని. ఫోను ముట్టుకుంటే ఊరుకోను!" అన్నాడాయన. "మొగుడి మీద చాడీలు చెప్పే నోరు ఎక్కడిదే నీకు? చూడు, వాడు అన్నం కూడా సరిగ్గా తినలేదు" అన్నారు అత్తగారు. ఆమె ఏం తిన్నదో ఎవరూ అడగలేదు. లేస్తూ కూర్చుంటూ, కూర తిప్పుతూ, సాయంత్రానికి లిస్టంతా తిరిగి నిలబెట్టింది. తన నాలుగు లైన్లూ తిరిగి పెట్టింది. గది తలుపు అవతల ఆయన గొంతు వినిపించింది. "ఆ, కూర్చుని సరిచేశాను మేడమ్. ఇక ఢోకా లేదు."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఆ తలుపు బద్దలయ్యేలా అరిచి, కట్టుబట్టలతో వెళ్ళిపోవాలనిపించింది. కానీ అలా వెళితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. పాతది పోతుంది, కొత్తది ఇంకా ఉండదు.

మర్నాడు డాక్టరమ్మకు తానే ఫోన్ చేసింది, మేడ మీద బట్టలు ఆరేస్తూ.

"సరిచేసిందెవరో మీ ఆయన గొంతులోనే తెలిసింది" అంది డాక్టరమ్మ. "నాకు జాలీ గీలీ లేవమ్మా. పని తెలిసిన మనిషి కావాలి. ఎక్స్‌రే గది పక్కన ఒక గది ఖాళీగా ఉంది."

"దానికి తలుపుందా మేడమ్?"

"తలుపు లేని గదేమిటమ్మా?"

ఆ తర్వాత ఆమె రెండో పిలుపు దాకా రానివ్వలేదు. మొదటి పిలుపుకే లేచింది. "దారికొచ్చింది" అని ఆయన తల్లితో అనడం ఆమె చెవిన పడింది. సర్టిఫికెట్లు, బట్టలు, దువ్వెన కూరల సంచీ అడుగున కొంచెం కొంచెంగా ఇల్లు దాటాయి. క్లినిక్ వెనక వీధిలో అద్దెకు తీసుకున్న గది గోడకు అద్దం కూడా తగిలించి వచ్చింది. ఇక అక్కడ లేనిది ఆమె ఒక్కతే.

ఆ ఉదయం గుమ్మంలో కూర్చుని చెప్పులు వేసుకుంటోంది.

"అమ్మాయ్!" అత్తగారు పిలిచారు. ఆమె చేతులు అలవాటు కొద్దీ ఆగాయి, మళ్ళీ కదిలాయి. "అమ్మాయ్, నిన్నే!"

గది తలుపు విసురుగా తెరుచుకుంది. "అమ్మ పిలుస్తుంటే చెవుల్లో ఏం పెట్టుకున్నావు? వినపడట్లేదా?" అన్నాడాయన.

"వినపడుతోందండీ. పనిలో ఉన్నాను" అంది ఆమె, రెండో చెప్పు పట్టీ బిగించుకుంటూ.