అన్నం వేళ తుమ్మెద

స్టీలు డబ్బాలో తుమ్మెద.

జుమ్... ఆగి, మళ్లీ జుమ్...

భీమవరంలో సూర్యకళ గారి ఇల్లు. టీవీ పక్కనున్న జంతికల డబ్బాలోంచి ఆ చప్పుడు. మొగల్తూరు నుంచి నాన్నతో వచ్చిన దేవిశ్రీ ఉలిక్కిపడింది. వంటింట్లోంచి సూర్యకళ గారు, "వస్తున్నానే, వస్తున్నా" అన్నారు.

అని, నాలుక కరుచుకున్నారు.

డబ్బాలో ఉన్నది పంపు. ఒంట్లోకి ఇన్సులిన్ వదిలే చిన్న పెట్టె. ఆమె కూతురు రమ్యశ్రీది.

పోయిన వానల్లో జ్వరమొచ్చి రమ్యశ్రీ వెళ్లిపోయింది. అన్నానికి ముందు గుర్తుచేయమని తను పెట్టుకున్న అలారం మాత్రం వెళ్లలేదు. రోజూ మోగుతూనే ఉంది... తల్లి బ్యాటరీ మారుస్తూనే ఉంది.

దేవిశ్రీకి కావలసింది ఆ పంపే.

చేతికున్న సెన్సర్ షుగర్ చూస్తుంది. ఫోన్ లెక్క కడుతుంది. పంపు మందు వదులుతుంది, తగ్గిస్తుంది, ఆపుతుంది — మనిషి నిద్రలో ఉన్నా సరే. కానీ అన్ని పంపులూ ఫోన్ మాట వినవు. అమ్మానాన్నలు కొత్తవి చాలా చూశారు. ఏదీ వినలేదు. వినేది ఈ పాత రకమేనన్నారు రాజమండ్రి డాక్టరు గారు. అదిప్పుడు ఎక్కడా అమ్మడం లేదు.

నీళ్లకి గాలి అందించే ఏరేటర్లు ఆగితే చెరువులో రొయ్యలు చప్పుడు లేకుండా పోతాయి. నిద్రలో షుగర్ పడిపోతే మనిషీ అంతే. ఒకసారి దేవిశ్రీ కళ్లు తెరిచేసరికి నోట్లో తేనె, మొహం మీద అమ్మ కన్నీళ్లు.

అప్పటినుంచి అమ్మ సరిగా నిద్రపోలేదు.

"పాతవన్నీ చెరిపెయ్యాలంట కదండీ?" సూర్యకళ గారు అడిగారు.

"అవునండి. మీ అమ్మాయి మోతాదు మా పాప ఒంట్లోకి వెళ్లకూడదండి." నాన్న తల దించుకున్నాడు. "అలారం కూడా పోద్దండి."

ఆమె నవ్వారు. "మా అమ్మాయి ఎవరి మాటా వినేది కాదు. దాని పంపు చూడండి, ఫోన్ మాట వింటుందంట!"

నవ్వు సగంలో తెగింది.

పంపు తీసి దేవిశ్రీ అరచేతిలో పెట్టారు. చల్లగా ఉంది.

"నువ్వే చెరిపెయ్యమ్మా. నాకు చెయ్యి రాదు."

అన్నీ చెరిపేయాలా? — తెర అడిగింది.

అదే వేళకి మళ్లీ అలారం పెట్టుకోవచ్చు, అనుకుంది దేవిశ్రీ. కానీ అది మొగల్తూరులో మోగుతుంది.

ఈ ఇంట్లో...

వంటింట్లో అన్నం ఉడుకుతోంది. వేలు మీట మీదే ఉంది. అమ్మ ఎర్రటి కళ్లు గుర్తొచ్చాయి.

అప్పుడే, ఇందాక ఎవరూ ఆపని అలారం మళ్లీ మోగింది.

జుమ్... జుమ్...

అరచేతిలో తుమ్మెద.

ఈసారి ఎవరూ "వస్తున్నా" అనలేదు.