నల్ల టేపు కింద

నేను ఒక బేస్‌బాల్ బ్యాట్‌ని. నన్ను బేరమాడిన వాళ్ళలో బంతి కూడా కావాలని అడిగిన మనిషిని ఇంతవరకూ చూడలేదు.

పుట్టింది జలంధర్‌లో, ఒక లేత్ మిషన్ మీద. నన్ను తీసిన మేస్త్రీ జన్మలో బేస్‌బాల్ చూడలేదు. మధ్యాహ్నం దాకా చపాతీ కర్రలు తీసి, టీ తాగొచ్చి, బ్యాట్లు మొదలుపెట్టేవాడు. టీ తర్వాత మొదటిదాన్ని నేనే. అందుకే నా నడుము దగ్గర ఇప్పటికీ కొంచెం చపాతీ కర్ర పోలిక ఉంటుంది. నా మెడ మీద ‘ఇంపోర్టెడ్’ అని బంగారు రంగు స్టిక్కర్ అంటించారు. అప్పటికి నేను ఆ షెడ్డు గడప కూడా దాటలేదు.

అక్కణ్ణుంచి నిజామాబాద్‌లో ఒక స్పోర్ట్స్ దుకాణానికి వచ్చాను. క్రికెట్ బ్యాట్ల దగ్గరికి పిల్లలు వచ్చేవాళ్ళు. నా దగ్గరికి మాత్రం బండి తాళాలు వేలికి తిప్పుకుంటూ పెద్దవాళ్ళు వచ్చేవాళ్ళు. సీటు కింద పడుతుందా, బయటికి కనిపిస్తుందా అని అడిగేవాళ్ళు. ఇది ఆట కోసం చేసిన వస్తువు అని దుకాణదారు ఒకసారి చెప్పి చూశాడు. వచ్చినాయన నవ్వీ నవ్వీ కుర్చీ అడిగి కూర్చున్నాడు.

చివరికి నన్ను కొన్నది డీజే భూమేష్. పెళ్ళి బరాత్‌లకి సౌండ్ బాక్సుల బండి నడుపుతాడు. వరుడి తరఫువాళ్ళు ఒక పాట, వధువు తరఫువాళ్ళు ఇంకో పాట కావాలని బండెక్కి కొట్టుకుంటారట. వాళ్ళకి చూపించడానికి నేను. మొదటి గొడవలోనే భూమేష్ నన్ను పైకెత్తాడు. ఎత్తి, నా వెనక దాక్కున్నాడు. నేను మూడడుగులు కూడా ఉండను, ఆయన ఆరడుగుల మనిషి. అయినా ఎక్కడా కనిపించకుండా సర్దుకున్నాడు. “అన్నా, జర ఆగుండ్రి, రెండు పాటలూ పెడ్త” అని నా వెనకనుంచి అన్నాడు. ఆ తర్వాత నా ఉద్యోగం తేళ్ళని చంపడం, ఒరిగిన బాక్సు కింద ఆనించడం.

నన్ను ఆటలోకి తెచ్చింది భూమేష్ చెల్లెలు గంగామణి. నాయనమ్మ పేరు పెట్టారు, అందరూ మణి అంటారు. ఆ అమ్మాయికి రెండు గొప్పలున్నాయి. ఒకటి బలం. పసుపు బస్తాని ఎత్తి, ఎక్కడ పెట్టాలో ఆలోచించుకుంటూ నిలబడగలదు. రెండోది చెవి. వీధి చివర ఎవరి బాక్సో మోగుతుంటే, అందులో ఏ స్పీకరుకి అట్ట చిరిగిందో ఇంట్లో అన్నం తింటూ చెప్పేస్తుంది. అన్న రిపేరు పనంతా ఆ చెవి మీదే నడుస్తుంది.

బేస్‌బాల్ నేర్పింది లింబాద్రి సార్. మామూలుగా ఖోఖో నేర్పుతాడు. ఈ ఆటని ఫోన్‌లో చూసి నేర్చుకుని, అమ్మాయిల్ని పోగేసి జట్టు కట్టాడు. ఆట సులువే. అవతలి పిల్ల బంతి విసురుతుంది, మనం కొట్టాలి. మూడు సార్లు తప్పితే ఔట్. కొట్టాక మూడు బేస్‌లు చుట్టి, బయలుదేరిన చోటికి, అంటే హోంకి, వచ్చేస్తే ఒక రన్. జట్టుకి ఉన్నవి రెండు బ్యాట్లు: తేలికపాటి అల్యూమినియంది, నేను.

జట్టులో ప్రవళిక అని మణి స్నేహితురాలు ఉంది. సన్నగా, ఎప్పుడూ బస్సు వెళ్ళిపోతున్నట్టు ఉంటుంది. ఆమె నన్ను పైకి పట్టుకుని, బంతికి అలా చూపించేది. బంతి నాలుగడుగులు దొర్లేలోపు తను మొదటి బేస్ మీద జడ సర్దుకుంటూ కనిపించేది. మణి మాత్రం నన్ను అంచుదాకా పట్టుకుని తిప్పేది. తగిలితే బంతి కోసం జట్టంతా చెరుకు తోటలోకి వెళ్ళాల్సిందే. ఎక్కువసార్లు తగిలేది కాదు. అప్పుడు లేచిన గాలికి చుట్టుపక్కల ఆరేసిన చీరలన్నీ ఒకే దిక్కుకి తిరిగేవి.

“బంతి దూరం పోవాల్నా, మనిషి దూరం పోవాల్నా?” అని ప్రవళిక ఎగతాళి చేసేది.

“బంతి దూరం పోతే మనిషి నడుసుకుంట పోవచ్చు” అనేది మణి.

ఇద్దరూ నన్నే చూసేవాళ్ళు. నా అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడిగితే ప్రవళిక అనేదాన్ని. ఆమె చేతిలో నొప్పి ఉండదు.

వాళ్ళకి ఇంకో పోటీ కూడా ఉంది. ఏడాది చివరి సాయంత్రం భూమేష్ కాలనీ కోసం డీజే పెడతాడు. ఆ ఏడాది వచ్చిన వాటిలో మంచి ఆల్బమ్ ఏదో తేల్చి, మొదటి పాట నుంచి చివరి పాట దాకా వేస్తాడు. ఏ ఆల్బమో తేల్చేది ఈ ఇద్దరే. డిసెంబరు మొదట్లో బాక్సుల షెడ్డులో కూర్చున్నారు. మణి ‘నీలి గొడుగు’ అంది. అదొక ప్రేమ సినిమా, పాటలన్నీ నిదానంగా వానలో నడుస్తుంటాయి. ప్రవళిక ‘గజ్జెల గడబిడ’ అంది. యూట్యూబ్‌లో వచ్చిన జానపదాలు. విన్నవాళ్ళ భుజాలు వాటంతటవే లేస్తాయి.

“నీది పెడితే బరాత్‌ల పెండ్లికొడుకు గుర్రం మీదనే పండుకుంటడు.”

“నీది పెడితే గుర్రం పెండ్లికొడుకును ఇడిసిపెట్టి ఉరుకుతది.”

“నీకు బీటంటే ఎర్కనా అసలు? ఇగో, బీటంటే గిట్లుండాలె” అని ప్రవళిక నన్ను తీసుకుని ఇనప స్టాండు మీద వాయించడం మొదలుపెట్టింది. మొదట మెల్లగా, తర్వాత గట్టిగా. నెమ్మదైన చేయి అనుకున్న చెయ్యే. నా మెడ దగ్గర ‘చిట్’ మంది.

బాక్సుల హోరులో ఎవరికీ వినపడలేదు. ప్రవళికకి అరచేతిలో తెలిసింది. ఆగి, వెలుతురులో తిప్పి చూసింది. వెంట్రుకంత చీలిక. భూమేష్ కేకలు ఊహించుకుందో ఏమో, నల్ల టేపు తెచ్చి బిగించి చుట్టింది. “పట్టు జారుతుంది, టేపేసిన” అంది. మణి తలూపింది.

టేపు వేస్తే చీలిక కనపడదు, అంతే. మెత్తగా వాడితే నేను ఎన్నేళ్ళైనా ఉంటాను. మణి దెబ్బ ఒక్కటి తగిలితే అయిపోతాను.

ఆ వారంలోనే లింబాద్రి సార్ కబురు తెచ్చాడు. రాష్ట్ర జట్టు శిబిరానికి మన జిల్లా నుంచి ఒక్కరికే చోటు. పక్క జిల్లా జట్టుతో ఆడే ఫైనల్‌కి ఆ జట్టుని ఎంపిక చేసే సునంద మేడం వచ్చి చూసి పేరు రాసుకుంటుంది. వచ్చే ఏడాదికి మణికీ ప్రవళికకీ వయసు దాటిపోతుంది. వేగమో బలమో, ఇప్పుడే తేలాలి.

“మీ ఇద్దర్ల ఒకరు” అన్నాడు సార్. “కొట్లాడుకోకుండ్రి.”

ఇద్దరూ నవ్వారు. ఆ నవ్వు అయ్యాక ప్రవళిక చూపు నా మెడ మీద పడి, వెంటనే పక్కకి పోయింది. నాకు అప్పుడు భయం వేసింది. అప్పటిదాకా అది ఒక చిన్న తప్పు. ఆ క్షణం నుంచి అది ఆమెకి పనికొచ్చే తప్పు.

ఫైనల్ రోజు పొద్దున మణి నన్ను తీసుకుని నేల మీద కొట్టి చూసింది. అది ఆమె అలవాటు. ఆగింది. ఇంకోసారి కొట్టింది. పక్క గుడారంలో ఎవరో మైకు పట్టుకుని “హలో, హలో” అని తన గొంతు తనే వింటున్నాడు. ఆ గోలలో నా సంగతి వినపడి ఉండదనుకున్నాను. మణి నన్ను భుజాన వేసుకుని నడిచింది.

ఆ రోజంతా నేను చావుకి సిద్ధంగా వెళ్ళి, బతికి తిరిగొస్తూనే ఉన్నాను. మణి తిప్పిన ప్రతిసారీ కళ్ళు మూసుకున్నాను. ఒక్కసారి కూడా తగలలేదు. అవతల బంతి విసిరేది ఎడమచేతి వాటం పొడుగు పిల్ల. ఆమె విసిరిన బంతి వచ్చిందన్న సంగతి అంపైర్ చెబితేగాని తెలియదు. మణి బ్యాటు పట్టినప్పుడల్లా పెదాల మధ్య ‘నీలి గొడుగు’ పాట పాడుకుంటుంది. ఆ పాట చరణం దాకా వచ్చేసరికి బంతి వెళ్ళిపోయి చాలాసేపయ్యేది. కుర్చీలో సునంద మేడం ముఖం చూస్తే గోడ నయమనిపించేది.

ఆట చివరికి వచ్చింది. రన్లు సమానం. మనవాళ్ళకి ఇదే ఆఖరి అవకాశం, ఇద్దరు ఔట్, మూడో మనిషి ఔటైతే అంతే. ప్రవళిక నన్ను పట్టుకుని బంతిని అలా తాకించి మొదటి బేస్‌కి చేరింది. తర్వాత అవతలివాళ్ళు రెప్ప వేసిన టైములో రెండో బేస్ మీద ఉంది. ఇప్పుడు ఆమె హోంకి వస్తే గెలుపు. మణి ఔటైతే, ఫైనల్‌లో చివరగా అందరూ చూసిన మంచి ఆట ప్రవళికది అవుతుంది.

మణి నన్ను తీసుకుంది. మొదటి బంతి, గాలి. రెండో బంతి, గాలి. ఇంకొక్కటి.

రెండో బేస్ మీద ప్రవళిక నిలబడి ఉంది. ఎప్పుడూ నిలబడని పిల్ల. నా మెడ కేసి చూసింది. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం. ఆ టేపు లోపల ఏముందో ఆ మైదానంలో తెలిసింది మా ఇద్దరికే అని నేననుకున్నాను.

“సార్, టైమ్” అని అరిచింది ప్రవళిక.

అంపైర్ చేయెత్తాడు. ఆట ఆగింది.

“మణీ, ఆ బ్యాట్ పలిగిందే. నేనే పలగ్గొట్టిన. అది ఇడిసెయ్, అల్యూమినియంది తీస్కో.”

అందరూ మణి వైపు తిరిగారు. మణి నన్ను ఇంకోసారి నేల మీద కొట్టి, చెవి ఒగ్గి విని, భుజం మీదికి ఎత్తుకుంది.

“ఎర్కే” అంది. “నువ్వు ఉరుకుడు సంగతి చూస్కో.”

లింబాద్రి సార్ అల్యూమినియం బ్యాటు పట్టుకుని సగం దూరం వచ్చి, అక్కడే ఉండిపోయాడు. అంపైర్ చేయి దించాడు.

మణి అరచేతుల్లోంచి నా ఒంట్లోకి పాట దిగడం మొదలైంది. అలవాటైన పాట కాదు. ‘గజ్జెల గడబిడ’. షెడ్డులో ఇనప స్టాండు మీద నాతో వాయించిన అదే దరువు, నన్ను చీల్చిన అదే దరువు. పొడుగు పిల్ల చెయ్యి వెనక్కి వెళ్ళేసరికి మణి నడుము కదిలిపోయింది. మొట్టమొదటిసారి ఆమె బంతి కంటే ముందు ఉంది.

తగిలింది.

జలంధర్ మేస్త్రీ, బంగారు స్టిక్కరు, తేళ్ళు, అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. పిడి ఆమె చేతుల్లో ఉంది. నా తలభాగం గిరగిరా తిరుగుతూ రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య కాపలా కాస్తున్న అమ్మాయి మీదికి వెళుతోంది. దారిలో ప్రవళిక ఎదురైంది. నా మీదుగా దూకింది. కాపలా అమ్మాయి బంతి కోసం చేతులు చాచి, వచ్చేది నేనని చూసి, ఉన్నచోటే నేలకి అతుక్కుపోయింది. బంతి తీరిగ్గా ఆమె వెనక మెత్తటి మట్టిలో పడి కూర్చుంది. దాన్ని వెతికి పట్టేసరికి మణి పిడితో సహా మొదటి బేస్ మీద ఉంది, ప్రవళిక హోం దాటి, ఆగలేక, టెంటులోకి వెళ్ళి, మంచినీళ్ళ క్యాను పడేసి వచ్చింది.

అవతలి కోచ్ పరుగున వచ్చాడు. “బ్యాట్ ఇసిరింది సార్, మా పిల్ల మీదికి ఇసిరింది. ఔటియ్యాలె.”

మైకు ఆయన కూడా నోరు మూసుకున్నాడు. అంపైర్ వెళ్ళి నా తలభాగం తెచ్చాడు. మణి దగ్గర పిడి తీసుకున్నాడు. రెండూ ఎదురెదురుగా పెట్టి అతికించి చూశాడు. నా బతుకులో నన్ను అంత శ్రద్ధగా చూసిన మనిషి లేడు. ప్రవళిక మణి మోచేతిని పట్టుకుని ఉంది.

“చెయ్యి జారి బ్యాట్ మొత్తం పోయి అడ్డంపడితే ఔట్” అన్నాడు అంపైర్. “ఇది ఇరిగింది. ఇరిగిన ముక్క యాడికన్న పోనీ, ఆట నడుస్తనే ఉంటది. రన్ లెక్కనే.”

అంటే, నేను ఒక్క పీచుతో అతుక్కుని ఉన్నా గెలిచేవాళ్ళు కాదేమో. చక్కగా విరగడం కూడా ఒక పనే.

జనం ఊగిపోతుంటే ఇద్దరూ మైదానం అంచున కూర్చుని బూట్లు విప్పుకున్నారు. నేను రెండు ముక్కలుగా వాళ్ళ మధ్య ఉన్నాను.

“ఎర్కైనంక అల్యూమినియంది తీస్కోవచ్చు గద” అంది ప్రవళిక.

“దాంతోని కొడ్తే గిన్నె కిందవడ్డట్టు సప్పుడైతది. నాకు నచ్చదు.”

“ఎప్పుడు ఎర్కైంది?”

“పొద్దుగాల.”

“మరి అడగలే?”

మణి లేసు ముడి విప్పడంలో మునిగిపోయినట్టు నటించింది. “నువ్వు చెప్తవా చెప్పవా అని చూసిన.”

“పొద్దుగాల్నుంచా?”

“పొద్దుగాల్నుంచే.”

ప్రవళిక రెండో బూటు విప్పి పక్కన పెట్టింది. తర్వాత అంది: “జర లేటైంది.”

“చెప్పినవ్ గద” అంది మణి.

సునంద మేడం వచ్చి నా తలభాగాన్ని చేతిలోకి తీసుకుని బరువు చూసింది. మణి చేతులు చూసింది. మణి పేరు రాసుకుంది. లింబాద్రి సార్ ప్రవళిక వైపు చూడలేక కర్రతో నేల మీద గీతలు గీశాడు. ప్రవళికే లేచి మణి సంచీ మోసుకుంటూ బస్సు దాకా నడిచింది. ఆమె అంత నెమ్మదిగా నడవడం అదే మొదటిసారి చూశాను.

పిడి మణితో శిబిరానికి వెళ్ళింది. తలభాగం, అంటే ఇప్పుడు మాట్లాడుతున్న నేను, భూమేష్ బండికి తిరిగొచ్చాను. ఒరిగిపోయే పెద్ద బాక్సు కింద సరిగ్గా పడతాను. చపాతీ కర్ర పోలిక ఇక్కడ పనికొచ్చింది.

ఏడాది చివరి సాయంత్రం. మణి ఊళ్ళో లేదు కాబట్టి ఆల్బమ్ తేల్చాల్సింది ప్రవళిక ఒక్కతే. కాలనీ అంతా భుజాలు సవరించుకుని సిద్ధంగా ఉంది. ఆమె ‘నీలి గొడుగు’ పెట్టించింది. మొదటి పాట నుంచి చివరి దాకా.

“గీ పాటలకు ఎవడు ఎగురుతడే?” అని భూమేష్ తల పట్టుకున్నాడు.

“కూసోని వింటరు అన్నా. కూసోనియ్.”

జనం నిజంగానే కూర్చున్నారు. ప్రవళిక మణికి ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టి, నా పక్కనే బండి అంచున ఉంచింది. తర్వాత ఫోన్‌లోంచి చప్పుడు మొదలైంది. ఇనప మంచం మీద కర్ర దెబ్బ. ‘గజ్జెల గడబిడ’ దరువు.

ఆ చప్పుడు నాకు తెలుసు. అది నా మిగతా సగం.

ఇక్కడ పాట నెమ్మదిగా వానలో నడుస్తోంది, అక్కడ దరువు బస్సు వెళ్ళిపోతున్నట్టు ఉరుకుతోంది. రెండూ ఎక్కడా కలవడం లేదు. భూమేష్ చెవులు మూసుకున్నాడు. ప్రవళిక ఫోన్ ఆపలేదు.