నడిచే చెయ్యి

కంప్యూటర్ల కొట్టులో గల్లా వెనక వరహాలు కూర్చుని ఉంది. పోయిన మనిషి ఇక్కడేం చేస్తోందని సన్యాసినాయుడికి అనిపించడం లేదు. ఆమె తమ పాత కంప్యూటర్ డబ్బాకి పక్కరేకు ఊడదీసి, స్క్రూలన్నీ వక్కపలుకుల్లాగా కొంగున మూటగడుతోంది, ఒకటి జారిపోతే ఎవరు వెతుకుతారన్న చిరాకు మాత్రం వస్తోంది.

"మెల్లిగా. రేకు వంగితే మళ్లీ పట్టదు."

"పట్టకపోతే తిట్టడానికి నువ్వున్నావు కదా బావా," అంటుంది భార్య తలెత్తకుండా.

లోపల ఫ్యాను రెక్కలకి జనపనార పీచు చుట్టుకుని ఉంది. ఆమె వేలితో లాగుతుంటే అది తెగకుండా వస్తూనే ఉంది, అలా వస్తూ ఉండగానే కొట్టు గోడలు వెనక్కి జరిగి, గల్లా పొడుగై, ఇద్దరూ పనిచేసిన జూట్ మిల్లు షెడ్డు అవుతోంది, మగ్గాలు ఆడుతున్నాయి గాని వినిపించే చప్పుడు కంప్యూటర్ ఫ్యానుది. ఆ మిల్లులో నాయుడు మగ్గం ముందు కదలకుండా నిలబడేవాడు. వరహాలు కండెల బండి తోసుకుంటూ వరసల మధ్య రోజంతా నడిచేది. మిల్లు మూతపడ్డాక ఇంట్లో ఆట కూడా అలాగే కుదిరింది. పాడుబడ్డ కోటలో దారి వెతుక్కుంటూ పోయే సిపాయి ఆట అది. బల్ల మీద పక్కపక్కన కూర్చుంటే, సిపాయిని నడిపించే కీలు ఎడమ పక్కన ఆమెవి, చూసి గురిపెట్టి కాల్చే మౌసు కుడి పక్కన అతనిది. ఒక్క మనిషి రెండు చేతులా ఆడాల్సిన ఆటని ఇద్దరూ చెరో చేత్తో ఆడారు. అలా కాదని చెప్పినవాళ్లు లేరు, చెప్పినా వీళ్లు వినేవాళ్లు కారు.

ఆమె పోయాక సిపాయి అడుగు కదల్లేదు. నాయుడు మౌసు తిప్పితే నిలబడ్డచోటే తల తిప్పి నాలుగు గోడలూ చూస్తాడు. అంతే.

"కొత్త కోట వచ్చిందంట కదా," అంటుంది వరహాలు. "అందులో మంచు కురుస్తాదంట."

"వచ్చింది. ఈ డబ్బాకి ఎక్కదు. బొమ్మల కార్డు మార్చాలంట. కార్డు మారిస్తే దానికి కరెంటు చాలదంట. అది మారిస్తే పాత బోర్డుకి పొసగదంట."

"మా యమ్మ వంటగదిలాగ ఉంది. తలుపు మార్చడానికెళ్లి గోడ కూల్చీసింది." ఆమె నవ్వుతోంది. "ఇంతకీ ఏటి మిగుల్తాది?"

"రేకు డబ్బా."

"మార్చీ మరి. ఆలోచనేటి?"

"ఎవరు నడుపుతారు?"

షెడ్డు కప్పు ఎప్పుడు లేచిపోయిందో, పై నుంచి పీచు తెల్లగా, మెత్తగా రాలుతోంది, మగ్గాల మీదా నేల మీదా పడి పేరుకుంటోంది, మగ్గాలున్న చోట ఇప్పుడు కోట బురుజులున్నాయి, ఎదురుగా సగం తెరుచుకున్న తలుపుంది. నాయుడి కాళ్లు నేలకి అంటుకుపోయాయి. తల మాత్రం తిరుగుతోంది. ఎడమకి తిప్పి ఆమెని చూడాలనుకుంటాడు, ఎంత తిప్పినా ఆమె ఇంకాస్త ఎడమకే ఉంటుంది.

"చెయ్యి తిమ్మిరెక్కుతోందని పక్కింటి గౌరమ్మకి చెప్పినావు," అంటాడు గోడ వైపు చూస్తూ. "నాకు చెప్పనేదు. ఆ చేతి పక్కనే కూకున్నోణ్ని."

"నీకు చెప్తే ఆట ఆపీసీవోడివి."

"ఆపీసి ఆసుపత్రికి తీసుకెళ్లీవోణ్ని. బతికీదానివి."

"బతికీదాన్నేమో."

ఆమె వాదిస్తుందనుకున్నాడు. వాదిస్తే అనడానికి మాటలు ఎన్నాళ్లనుంచో నూరుకుని పెట్టుకున్నాడు.

"మిల్లు మూసీసేక నువ్వు నవ్వింది ఆ బల్ల మీదే," అంటుంది వరహాలు. "అది పాడుచెయ్యబుద్ధి కాలేదు."

"నా నవ్వు నిన్నెవరడిగేరు? నాను దీనికి ఒప్పుకోను."

"ఒప్పుకోకు. ఒప్పుకోమని ఇక్కడెవరూ నీ గెడ్డం పట్టుకుని బతిమాల్డం లేదు."

కోపంతో అతనికి చెవులు వేడెక్కుతున్నాయి, చెవుల మీద పడిన మంచు మాత్రం కరగడం లేదు, దూరంగా ఆ తలుపు గాలికి కొంచెం కొంచెంగా మూసుకుంటోంది.

"ఎడం చెయ్యి ఇలాగియ్యి," అంటుంది ఆమె. కనిపించని చోటు నుంచి అతని వేళ్లు పట్టుకుని ఒక్కొక్కటీ విడదీసి దేనిమీదో ఆనిస్తోంది. "ఉంగరం వేలు ఎడమకి. చూపుడువేలు కుడికి. మధ్యవేలు ముందుకి. నొక్కి ఉంచితే నడుస్తాడు, వదిలితే ఆగిపోతాడు. ఇందులో పెద్ద విద్దేటీ లేదు."

"నువ్వు వదిలీసినావు."

"వదిలీసినాను. నువ్వు వదలకు."

ఆమె వేలు అతని వేలిని ఒక్కసారి నొక్కి తప్పుకుంటుంది. అడుగు పడింది. మంచు కరకరమంది. ఇంకో అడుగు పడేసరికి ఎడమ పక్కన ఉండాల్సిన ఊపిరి చప్పుడు కాస్త వెనకబడింది, ఆగితే అది మళ్లీ పక్కకి వస్తుందేమో, ఆగితే తలుపు మూసుకుపోతుందేమో, రెండూ తెలిసినా అతను వెనక్కి తిరగడు. ఆమెని క్షమించలేదు గనక తిరగడు. తలుపు దగ్గరవుతోంది.

"నాయుడుగారూ."

కొట్టు ముందు బెంచీ మీద నాయుడు కళ్లు తెరిచాడు. ఎండ మోకాళ్ల దాకా వచ్చింది. కొట్టు యజమాని స్క్రూడ్రైవర్ పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు.

"కునుకు పట్టీసినట్టుంది మీకు. కొత్త సామాన్లన్నీ వచ్చీసేయి. పొద్దున్నుంచీ ఆగు, ఆగు అంటన్నారు. పాత బోర్డు ఊడదీసీమంటారా, ఉంచీమంటారా?"

"ఊడదియ్యి."

యజమాని లోపలికి వెళ్లాడు. నాయుడు లేవబోయి ఆగిపోయాడు. ఎడమచెయ్యి బెంచీ చెక్క మీద ఆని ఉంది, మూడు వేళ్లూ విడివిడిగా. మధ్యవేలు చెక్కని నొక్కి పట్టుకుని ఉంది, గోరు తెల్లగా పాలిపోయి.