తెగని కూత

కార్తికమాసారంభమున వాయుగుండమొకటి తీరమునకు జేరువగుచుండుటచే సాయంసమయాకాశము రాగిరంగు దాల్చి సముద్రఘోష ఊరంతటిమీదను బరచికొని కాకులుసైతము వేళకుముందే గూళ్లు చేరిన యా దినమున భీమునిపట్టణమునకు దాపున నున్న నూతన క్రీడామందిరము మాత్రము విద్యుద్దీపసహస్రప్రభాభాసురమై పదివేలమంది కేకలతో నిండి యుండెను. ఆనాడు కబడ్డీ పోటీలలో తుదిపోరు. రేకుల కప్పుపై బడుచున్న చినుకుల చప్పుడు ఆ కోలాహలమున నెవ్వరికిని వినరాలేదు. బరియంచున నిలిచిన పైడిరాజునకు మాత్రము వినవచ్చుచుండెను.

పైడిరాజు కూతకు బ్రసిద్ధుడు. ఎదుటివారి బరిలోనికి బోయినవాడు మరలి గీత దాటువరకు ఎడతెగక కబడ్డీ కబడ్డీ యని కూయవలయునుగదా, ఆ కూత నడుమ దెగెనా వాడు చచ్చినట్లే. ఆ ప్రాంతపు టాటగాండ్రు నేటికిని చచ్చుట బ్రతుకుట యనియే యందురు. ఏడేండ్లుగా పైడిరాజు కూత యొక్కమారైనను దెగి యెరుగదు. అది వాని నిజమైన ఘనత, ప్రాణాధికమైన గర్వము. తక్కినదంతయు మేనేజరుగారి చలువ. తొడగొట్టుటయు మీసము దువ్వుటయు గెలిచినపుడు నేలను ముద్దిడుకొని కెమెరాకు గనబడునట్లు బొటబొట కన్నీరు గార్చుటయు నాయన నేర్పిన విద్యలే. ఆ కన్నీటికై మణికట్టు పట్టీకి తలనొప్పిమందు దట్టముగ బూసికొని యదను చూచి కన్నులకు రాచికొనుచుండెడివాడు. జనులు పాపము కరగి నీరగుచుండిరి.

గడచిన యేడు ఈ బరిలోనే జరిగినది చెప్పవలసియున్నది. ఎదుటిజట్టు నాయకుడు సన్యాసినాయుడు నలువదేండ్లకు జేరువైనవాడు, జన్మమున తొడగొట్టి యెరుగని పెద్దమనిషి. అదియే యాతని కడపటి యాట. తుదినిమిషమున కూతకు బోయిన పైడిరాజు మోకాలు విరిగినవానివలె కూలి పొరలాడదొడగెను. సన్యాసినాయుడు ఆట మరచి వంగి వాని భుజముమీద చేయి వేసి, "దెబ్బ తగిలీసినాదేటి తమ్ముడూ?" అని యడిగెను. పైడిరాజు పెదవులు మాత్రము గుసగుసగా కూయుచునే యున్నవి. అంపైరు చెవియొగ్గి వినెను, కూత తెగలేదు. పైడిరాజు మరుక్షణమున నెగిరి గీత దాటెను, వానిని దాకిన సన్యాసినాయుడు చచ్చెను. నియమమున కేలోపమును లేదు.

చచ్చినవారు కూర్చుండు బల్లకొనను ఆ పెద్దమనిషి కూర్చుండెను. తనవారు ఎదుటివారిలో నొకని జంపినగాని యాతడు మరల బ్రతికి బరిలోనికి రాడు. అంతకుమున్నే యాట ముగిసెను. అందరును లేచిపోయినను ఆతడు లేవకుండుట చూచి తోడివారు పిలువగా, "నన్నింకా ఎవలూ బతికించనేదు గదా, ఎలాగ లెగుత్తాను?" అని నవ్వెనట. ఆతడు వంగిన దృశ్యమును ఫోనులలో మరలమరల జూచి లోకము నెలదినములు నవ్వెను. ఎండకాలమున నాతడు గుండెజబ్బుతో గతించెను. పైడిరాజు కెమెరాయెదుట పట్టీ కన్నులకు రాచికొని సంతాపము దెలిపెను.

ఇప్పుడు మరల అదే జట్టుతో పోరు. ఆట మొదలైనపుడు ఇరువైపుల నేడుగురును సజీవులే కావున చచ్చినవారి బల్ల లుత్తవిగ నుండవలయును. అయినను ఎదుటివారి బల్లకొనను మోకాళ్లు ఎడముగ నుంచి తొడలపై చేతులానించి తల కొంచెము వంచి యొకడు కూర్చుండియుండెను. పైడిరాజు కన్నులు నులుముకొని చూచెను. కూర్చున్నవాడు కూర్చున్నట్లే యుండెను. తరువాత చచ్చి వచ్చినవారు ఇరుకిరుకుగ గూర్చుండియు ఆ కొనను మనిషిపట్టు చోటు విడిచిరి. ఏల విడిచిరో వారికే తెలియదు. అంతకంటె వింత యేమనగా, వాడు కూయునపు డెల్ల వాని కూతక్రింద మరియొక సన్నని గుసగుస వినవచ్చుచుండెను. ఆనాడు నేలపై పొరలుచు తాను కూసినది సరిగా అదే.

స్కోరులు సమమై కడపటి కూత మిగిలెను. పైడిరాజు పోయి యొకని దాకి మరలుచుండగా బల్లకొననున్నవాడు తలయెత్తి చూచెను. ఆ చూపులో కోపము లేదు. పైడిరాజు ఊపిరి గొంతులో జిక్కి కూత తెగెను. తెగినను మందిరమున కబడ్డీ కబడ్డీ యను ధ్వని యాగలేదు! వాడు మూసిన నోటితోనే గీత దాటెను. ఈల మ్రోగెను. అంపైరు వాని గెలుపు చాటెను.

బయటనుండి మేనేజరు ఇక నేడువుమని సైగ చేసెను. అలవాటుచొప్పున పైడిరాజు చేయి యెత్తెను గాని యప్పటికే చెంపలు తడిసియుండెను. వాడు తిన్నగా అంపైరుకడకు బోయి, "అయ్యా, నా కూత తెగిపోనాది. నేను సచ్చిపోనానండి" అనెను.

"తెగలేదయ్యా. నా చెవులతో విన్నాను."

"తమరు విన్నది నాది కాదండి."

అంపైరు వాని ముఖము చూచి తీర్పు మార్చెను. గెలుపు ఎదుటివారిదయ్యెను. ఇంతగొప్ప నటన మునుపెన్నడును చూడలేదని పదివేలమందియు లేచి చప్పట్లు చరచిరి.

ఒకడు చచ్చినందున ఎదుటివారిలో నొకడు బ్రతుకవలయును. ముందు చచ్చినవాడే ముందు లేచుట నియమము. బల్లకొననున్నవాడు మెల్లగా లేచి వచ్చి పైడిరాజు భుజముమీద చేయి వేసెను. ఆ చేయి చల్లగా లేదు, వెచ్చగానే యుండెను.

"దెబ్బ తగిలీసినాదేటి తమ్ముడూ?"

"తగిలీసినాదన్నా."

శూన్యముతో సంభాషించుచున్న వానిని కెమెరాలన్నియు జూపెను. చప్పట్లు రెట్టించెను. మేనేజరు మురిసిపోవుచు పరుగున వచ్చి, ఈమారు మందు ఎంత పూసితివని యడుగుచు వాని మణికట్టు పట్టీని ముక్కుకడకు జేర్చుకొనెను. మందు వాసన యిసుమంతయు లేదు. ఆయన యట్లే నిలిచిపోయెను.

పైడిరాజు తన జట్టు బల్లమీద కొనను బోయి కూర్చుండి చెవియొగ్గెను. కప్పుపై వాన పడుచుండెను. దానిక్రింద ఆ గుసగుస లేదు. ఏడాదిగా తెగని కూత తెగినది.