వాసన లేని కారు

మంచి వార్త వచ్చేసరికి నేను మా అత్తగారి హాట్‌పాట్ దుకాణంలో, బల్ల మీదే కుతకుత ఉడుకుతున్న ఎర్రటి మిరప నూనె కుండ ముందు కూర్చుని, ఉత్త అన్నంలో ఉడికించిన గుమ్మడికాయ ముక్కలు నంజుకుంటున్నాను. పెళ్లయి నెల కూడా కాలేదు. ఎదురుగా మా ఆయన శూహెంగ్ చెమటలు కక్కుతూ మిరపకాయల మధ్య నుంచి మాంసం ముక్కలు వేటాడుతున్నాడు. ("మా ఆయన" అనే మాట నాకింకా కొత్త. అవసరం లేని చోట కూడా వాడుతుంటాను.) ఫోన్ చూసుకున్నవాడు చాప్‌స్టిక్స్ కుండలోకి జారవిడిచాడు.

"వస్తున్నాడే ముక్కూ! నార్వే ఆయన వస్తున్నాడు! వచ్చే సోమవారమే!"

"ఎవడ్రా వచ్చేది?" అంది అత్తగారు, పక్క టేబుల్ తుడుస్తూ.

"కార్లు కొనే ఆయనమ్మా. ఆయన ఊఁ అంటే మన కార్లు నార్వే వెళ్తాయి. నేను ఇక్కడే చోంగ్‌చింగ్‌లో ఉంటాను."

"అనకపోతే?"

"మన కార్లు ఇక్కడే ఉంటాయి. నేను హార్బిన్ వెళ్తాను."

ఆ ఊరి పేరు వింటే నాకు ఆకలి చచ్చిపోతుంది. మా పెళ్లి విందులో, మేమిద్దరం పనిచేసే కార్ల కంపెనీ గూ డైరెక్టర్ మా గ్లాసులకు తన గ్లాసు తాకించి, నిండు నూరేళ్లు కలిసి ఉండమని దీవించి, ఆ వెంటనే చెప్పిన ముక్క అది. మా ఆయన పనిచేసే ఎగుమతుల విభాగం పెట్టి రెండేళ్లయినా ఒక్క కారూ సముద్రం దాటలేదు, ఈ నెలలో ఆర్డరు రాకపోతే విభాగం మూసేస్తారు, శూహెంగ్‌ని దేశానికి ఉత్తరపు కొసనున్న హార్బిన్ ఫ్యాక్టరీకి పంపేస్తారు. నేను వెంట వెళ్లడానికి లేదు. నా ఉద్యోగం ఇక్కడి ల్యాబులో తప్ప ఎక్కడా లేదు. పైగా హార్బిన్ చలికి ముక్కు గడ్డకడుతుందట, నా జీతం వచ్చేదే ముక్కు వల్ల. మా ఆయన నన్ను ముక్కూ అని పిలిచేదీ అందుకే.

నేను కెమిస్ట్రీలో పీజీ చేశాను. చేసే పని కార్లను వాసన చూడటం. మా దేశంలో కొత్త కారు వాసన అంటే జనానికి విషంతో సమానం. కారు కొన్నవాడు ముందు తలుపులు బార్లా తెరిచి, సీట్ల కింద పంపరపనస తొక్కలు, బొగ్గు సంచులు దూర్చి, వారాల తరబడి పిల్లల్ని ఎక్కనివ్వడు. ఆ కంపు పోగొట్టడానికే మా ల్యాబు. సీటు ముక్కలు, తివాచీ ముక్కలు గాజు సీసాల్లో వెచ్చబెట్టి ఇస్తారు, మేం మూత తీసి పీల్చి మార్కులు వేస్తాం. ఒకటంటే వాసన లేనట్టు, ఆరంటే పారిపోవాల్సినట్టు. దీని కోసం మేం మిరపకాయ తినకూడదు, వెల్లుల్లి తినకూడదు, సెంటు పూసుకోకూడదు.

"వీధిలో తలెత్తుకోలేకపోతున్నా," అంది అత్తగారు గుమ్మడికాయ గిన్నె వైపు చూసి. "మా మామగారి కాలం నుంచి హాట్‌పాట్ అమ్ముకునే కొంప ఇది. కోడలికి మాత్రం రోగి కూడు వడ్డిస్తున్నా. ఒరేయ్, నువ్వైనా చెప్పవేంరా?"

"ఏం చెప్పనమ్మా, అది వింటుందా?"

"మెత్తచెవులోడా! అచ్చం మీ నాన్న పోలిక!"

మెత్తచెవులంటే మా ఊళ్లో పెళ్లాం మాట వినే మగాడని అర్థం. మా ఆయన ఆ తిట్టుకి మురిసిపోతూ బల్ల కింద నా కాలు తొక్కాడు. నేను రెండింతలు తొక్కాను.

మర్నాడు గూ డైరెక్టర్ మా ల్యాబుకి వచ్చి చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు.

"రాన్ అమ్మాయ్, యూరప్ వాళ్ల ముక్కులు ఎంత పెద్దవో చూశావా?"

"చూశాను సార్."

"మన ముక్కులకే కంపు తెలిస్తే, వాళ్ల ముక్కులకి ఎంత తెలుస్తుంది? ఆ నార్వే ఆయనకి చూపించే కార్లో గాలి తప్ప ఏమీ ఉండకూడదు. గాలి కూడా తక్కువే ఉండాలి."

అంతే, వారమంతా ఆ కారుకి సేవే సేవ. వేడి గదిలో పెట్టి వెచ్చబెట్టాం, ఎండలో పెట్టి ఆరబెట్టాం, సీట్లు తుడిచాం, తివాచీలు ఊడదీసి మళ్లీ వేశాం. ల్యాబులో ఉన్న ముక్కులన్నీ వంతులవారీగా అందులో కూర్చుని పీల్చాయి. ఆఖరున నేనెక్కి తలుపు వేసుకుని కళ్లు మూసుకున్నాను. ఏమీ లేదు. తోలు లేదు, జిగురు లేదు, ప్లాస్టిక్ లేదు. కొండ మీద వాన వెలిశాక కూడా ఇంకాస్త వాసన ఉంటుంది. జీవితంలో మొదటిసారి ఒక మొత్తం కారుకి ఒకటి మార్కు వేశాను. దిగీ దిగగానే శూహెంగ్ నన్ను ఎత్తి గిరగిరా తిప్పాడు. గార్డు చూసి తల తిప్పుకున్నాడు.

సోమవారం టోర్‌స్టైన్ వచ్చాడు. నార్వేలో ఆయనకి చాలా ఊళ్లలో కార్ల షోరూములు ఉన్నాయట. తలుపు గుమ్మం దగ్గర అలవాటుగా తల వంచుకునేంత పొడుగు. ముఖం మాత్రం ఉప్పు లేని పప్పు తిన్నట్టు పెట్టాడు. ఆయనది ఇంగ్లిష్, డైరెక్టర్‌ది మా చోంగ్‌చింగ్ యాస. మధ్యలో శూహెంగ్.

టోర్‌స్టైన్ తలుపు తీయగానే కారు పలకరించింది. ఎలా ఉన్నారంది, నడుము పట్టమంటారా అంది, జవాబు కోసం ఆగకుండా సీటుతో ఆయన వీపు పిసకడం మొదలుపెట్టింది.

"దీని నోరు మూయించే మీట ఎక్కడుంది?" అన్నాడు టోర్‌స్టైన్.

"ఏమంటున్నారు?" అన్నాడు డైరెక్టర్.

"గొంతు బాగుందంటున్నారు సార్," అన్నాడు మా ఆయన.

"అయితే పాట కూడా పాడమను!"

కారు పాడింది. టోర్‌స్టైన్ ఓపిగ్గా వినలేదు గానీ విన్నాడు. తర్వాత స్టీరింగ్ పట్టుకున్నాడు, బ్రేకు తొక్కాడు, వెనక సీటు మడిచి తన కాళ్లు చాపి కొలుచుకున్నాడు, బండి కిందికి దూరి ఏదో తట్టాడు. ఒక్కో చోటా తల ఊగుతూనే ఉంది. మా ఆయన చెవులు ఎర్రబడుతున్నాయి, అంటే పని సాగుతోందని అర్థం. అప్పుడు టోర్‌స్టైన్ మళ్లీ ముందు సీట్లో కూర్చుని, తలుపు మూసుకుని, గట్టిగా గాలి పీల్చాడు.

నేను గర్వంగా నిలబడ్డాను. అది నా గాలి.

ఆయన కనుబొమలు ముడిపడ్డాయి. సీటు కుట్ల దగ్గర వాసన చూశాడు. తివాచీ మీదికి వంగి చూశాడు. దిగి వచ్చి శూహెంగ్‌తో మెల్లగా అన్నాడు, "దీన్ని ఇంతకుముందు ఎంతమంది నడిపారు?"

మా ఆయన ముఖం తెల్లబోయింది.

"ఏమంటున్నారు?" అన్నాడు డైరెక్టర్.

"అంటే... కారుని ఎలా చూసుకున్నామని అడుగుతున్నారు సార్."

"చెప్పు, చెప్పు! వారం రోజులు ఎండబెట్టామని చెప్పు! మా వాళ్లంతా వంతులవారీగా ఇందులోనే కూర్చున్నారని చెప్పు! సీట్లు కడిగాం, తివాచీలు ఊడదీసి మళ్లీ వేశాం!"

ఇంత గొప్ప విషయాన్ని మా వాడి నోటికి వదలడం ఇష్టం లేక డైరెక్టర్ తనే సైగలు మొదలుపెట్టాడు. సీటు కడిగినట్టు, తివాచీ పీకినట్టు, మనుషులు ఎక్కి దిగినట్టు. చివర్న బొటనవేలు పైకెత్తాడు. టోర్‌స్టైన్ అంతా చూశాడు.

"అర్థమైంది," అన్నాడు. "తిరిగిన కార్లని కడిగి కొత్తవని అంటగడతారని మావాళ్లు ముందే చెప్పారు. కారు మంచిదే. కానీ నేను పాత కార్లు కొనడానికి ఇంత దూరం రాలేదు. కొత్త కారుకి కొత్త కారు వాసన ఉంటుంది. దీనికి లేదు. రేపు పొద్దున విమానం ఉంది నాకు."

"ఏమంటున్నారు?"

 తియ్యటి మాటగా మార్చడానికి మా ఆయనకి అందులో ఏమీ మిగల్లేదు. నాకు మాత్రం ఎదురుగా హార్బిన్ కనిపించింది. మంచులో టోపీ పెట్టుకుని, సెలవు కోసం అర్జీ రాస్తూ మా ఆయన. ఇక్కడ రాత్రి నా పాదాలు వెచ్చబెట్టుకోవడానికి ఎవరూ లేరు. ఇంతకీ అక్కడికి పంపుతున్నది ఎవరు? నేను. నా ఒకటి మార్కు.

"ఆగండి!" అన్నాను ఇంగ్లిష్‌లో. కాస్త గట్టిగానే వచ్చింది. "కొత్త కారు వాసన అంటే మీకు... ఇష్టమా?"

ఆయన నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. "ఇష్టం లేనివాళ్లెవరు?"

"ఈ దేశమంతా!"

"నువ్వెవరు?"

"దాన్ని చంపేదాన్ని. నా ఉద్యోగమే అది. నాతో రండి."

ఫ్యాక్టరీ వెనక పెరట్లో, తయారీ లైను మీంచి ఆ పూటే దిగిన కార్లు వరసగా ఉంటాయి. ఇంకా ఏ ముక్కూ సోకని పచ్చి కార్లు. బయటివాళ్లని అటు తీసుకెళ్లడం మా కంపెనీలో మహాపాపం. డైరెక్టర్ వెనక పరిగెత్తుకొచ్చాడు.

"రాన్ అమ్మాయ్! ఎటు? అటు కాదు! అతిథిని తీసుకెళ్లి మరుగుదొడ్లో కూర్చోబెడతావా?"

"సార్, ఒక్క నిమిషం సార్!"

"శూహెంగ్! నీ పెళ్లాన్ని ఆపు!"

"నా మాట వినదు సార్," అన్నాడు మా ఆయన, నా పక్కనే పరిగెడుతూ.

అదే మోడలు, అదే రంగు కారు ఎండలో మాడుతోంది. తలుపు తీశాను. గుప్పుమని కొట్టింది. జిగురు, తోలు, వేడెక్కిన ప్లాస్టిక్ అన్నీ కలిసి నా నెత్తిన మొట్టాయి. ఆరుకి ఆరు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. టోర్‌స్టైన్ లోపలికి దూరి తలుపు మూసుకున్నాడు.

అద్దంలోంచి చూస్తున్నాం. ఆయన కళ్లు మూసుకున్నాడు. ఛాతీ పొంగింది. ఆ ముఖం మీద పేరుకున్న మంచు అంతా కరిగి, పెళ్లికూతురి ముసుగు తీసిన కుర్రాడిలా తయారయ్యాడు. కిందికి వంగి స్టీరింగ్ వాసన చూశాడు, అద్దం అతికించిన చోట చూశాడు. ఎంతకీ దిగడే!

"స్పృహ తప్పాడేమో!" అన్నాడు డైరెక్టర్. "డాక్టర్‌ని పిలవండి!"

టోర్‌స్టైన్ అద్దం దించాడు. "మా నాన్న జీవితంలో ఒకే ఒక్క కొత్త కారు కొన్నాడు. ఆ రోజు సాయంత్రం నన్ను అన్నానికి పిలిస్తే రాలేదు, అందులోనే కూర్చున్నాను. ఇదే వాసన."

ల్యాబుకి తీసుకెళ్లి సీసాలు ముందు పెట్టాను. ఒకే సీటు గుడ్డ, వాసన తియ్యకముందు, తీశాక. ఆయన ఒకదాని తర్వాత ఒకటి పీల్చి, చివరి సీసా దగ్గర ఏమీ అందక ముక్కు దాదాపు లోపలికి దూర్చి, భుజాలు కదిలేలా నవ్వాడు.

"దీన్ని తీసెయ్యడానికి మనుషుల్ని పెట్టి జీతాలిస్తున్నారా? మా దగ్గర ఈ వాసనని చిన్న డబ్బాల్లో అమ్ముతారు. పాత కార్లలో కొట్టుకోవడానికి కొంటారు."

ఈసారి మా ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. డైరెక్టర్ కుర్చీ వెతుక్కుని కూర్చున్నాడు.

"కంపుని డబ్బాల్లోనా?"

"అవును సార్."

"డబ్బిచ్చి?"

"డబ్బిచ్చే సార్."

 ఇన్నేళ్ల శ్రమ, ఇన్ని వేడి గదులు, ఇన్ని ముక్కులు ఆయన కళ్ల ముందు తిరుగుతున్నట్టున్నాయి. తర్వాత వ్యాపారి లేచాడు. "అలా అయితే వాసన ఉన్న కారుకి ధర ఎక్కువని చెప్పు."

శూహెంగ్ చెప్పాడు.

"తియ్యడానికి కదా మీకు ఖర్చు," అన్నాడు టోర్‌స్టైన్. "ఉన్నదానికి తక్కువ ఉండాలి."

బేరం టీ చల్లారేదాకా సాగింది. ఇద్దరూ శూహెంగ్ భుజాల మీద నుంచి ఒకరినొకరు వేళ్లతో బెదిరించుకున్నారు. ఆఖరికి పెంచకుండా, తగ్గించకుండా, మామూలు ధరకే టోర్‌స్టైన్ చెయ్యి చాపాడు. మొదటి ఓడకి సరిపడా కార్లు, వాసనతో. అవి అమ్ముడుపోతే రెండో ఓడ. షరతు ఒక్కటే, వాసన ఓడలో కొట్టుకుపోకూడదు, కొన్నవాడి ఇంటికి చేరేదాకా ఉండాలి. ఇంకో చిన్న షరతు, కారు తనంతట తాను పాడకూడదు. శూహెంగ్ ఆ చెయ్యి అందుకుని, ఊపి ఊపి, వదలడం మర్చిపోయాడు. నేను వెనక నుంచి చొక్కా లాగితే వదిలాడు. వదిలిన చేత్తోనే నా చెయ్యి పట్టుకున్నాడు, అందరి ముందూ.

"హార్బిన్ సంగతేంటి సార్?" అన్నాను. అడగకుండా ఉండలేకపోయాను.

"ఏ హార్బిన్?" అన్నాడు గూ డైరెక్టర్. "వీడు పోతే ఆ పొడుగాయనతో మాట్లాడేదెవరు? నేనా, సైగలతోనా?" లేచి, మా ల్యాబు వైపు తిరిగి, గొంతు సవరించుకున్నాడు. "అందరూ వినండి. రేపు పొద్దున ఎనిమిదింటికి, ముక్కులన్నీ మీటింగ్ హాల్లో ఉండాలి. కంపు ఎలా నిలబెట్టాలో కొత్తగా నేర్చుకుంటున్నాం. రాన్ అమ్మాయ్ పాఠం చెబుతుంది."