గేటు కిర్రుమంటే

సైదాబాద్‌లోని ఆ సర్కారు బడిలో పుస్తకాలు, మధ్యాహ్నం అన్నం ప్రభుత్వం పెడుతుంది. మిగతా ముచ్చట్లు తీర్చే భారం బేగంబజార్ ఇత్తడి సామాన్ల వ్యాపారి గుండయ్య నెత్తికెత్తుకున్నాడు. ఎత్తుకోమని ఎవరూ అడగలేదు, అది వేరే సంగతి. పదకొండు మందితో సేవా సమితి పెట్టి బడికి బ్యాండు సెట్టు కొనిచ్చాడు. డ్రమ్ముల మీద, బ్యూగిళ్ల మీద, ఆఖరికి తాళాల మీద కూడా సమితి పేరు రాయించాడు. నేర్పడానికి పోలీసు బ్యాండులో పనిచేసి రిటైరైన డానియేలును పెట్టాడు. షరతు ఒక్కటే. సమితివాళ్లు ఎవరొచ్చినా గేటు నుంచి కుర్చీ దాకా స్వాగత బాణీ వాయించాలి.

అదెంత పని అనుకున్నాడు డానియేలు. ఆ పదకొండు మందికీ బామ్మర్దులు, వియ్యంకులు ఉంటారని ఆయనకు అప్పుడు తట్టలేదు. ఊరి నుంచి చుట్టాలొస్తే చార్మినార్ చూపించి, జూపార్కు చూపించి, ఆ తర్వాత తాము దానమిచ్చిన బ్యాండు చూపించడం సమితిలో రివాజైపోయింది.

డానియేలు మనసులో ఉన్నది వేరు. ఆగస్టు మొదట్లో జిల్లా బడుల బ్యాండు పోటీ ఉంది. గెలిచినవాళ్లు పదిహేనో తారీకున పరేడ్ గ్రౌండ్‌లో నడుస్తారు. ముప్పై ఏళ్లు తాను బ్యూగిల్ ఊదుతూ నడిచిన ఆ మైదానంలో ఈ పిల్లలను ఒక్కసారి చూడాలని ఆయన ఆశ. సైడ్ డ్రమ్ వాయించే అమలను చూసి ఆ ఆశ ఇంకా పెరిగింది. పాలు పోసే మొగులయ్య బిడ్డ, తొమ్మిదో తరగతి. పొద్దున ఖాళీ పాలక్యాను మీద కూడా మార్చ్ దరువే వేస్తుందని మొగులయ్య మొత్తుకునేవాడు.

పోటీలో వాయించాల్సిన ఆ మార్చ్ బాణీ నాలుగు నిమిషాలు. రెండో నిమిషంలోకి వచ్చేసరికి గేటు కిర్రుమనేది. తెల్ల లాల్చీ, భుజాన శాలువా. మార్చ్ ఆపి స్వాగతం అందుకోవాలి. ఆదివారం సమితివాళ్లు రారు గనుక డానియేలు చర్చి నుంచి నేరుగా బడికొచ్చి మార్చ్ పూర్తిగా నేర్పాడు. అయితే వారానికి ఆరు రోజుల అలవాటు ముందు ఒక్క ఆదివారం ఏం నిలుస్తుంది? వానలు పడేనాటికి పిల్లలకు సైగ చేసే పని కూడా లేకపోయింది. శాలువా కనబడితే చాలు, చేతుల్లో కర్రలు వాటంతటవే స్వాగత బాణీకి మారేవి.

పోటీ రోజు పిల్లలు అద్భుతంగా వాయించారు. మూడు నిమిషాల పాటు. అప్పుడు ముఖ్య అతిథి ఆలస్యంగా వచ్చాడు. తెల్ల లాల్చీ, భుజాన శాలువా. అమల కర్రలు మారాయి. ఆమె వెనక బ్యాండంతా అతిథి వైపు తిరిగి, ఆయన కుర్చీలో కూర్చునేదాకా స్వాగతం పలికింది. అతిథి మురిసిపోయాడు. జడ్జీలు మాత్రం మార్కుల కాగితం మీద అడ్డంగా గీత కొట్టారు. ఆఖరున మర్యాదకని ఒక సర్టిఫికెట్ ఇచ్చారు. గుండయ్య దానికి పటం కట్టించి దుకాణంలో వేలాడదీశాడు.

అమల రెండు రోజులు డ్రమ్ ముట్టలేదు.

"నా వల్లనే పోయింది సార్," అంది ఏడుస్తూ.

"నీ తప్పేం లేదు బిడ్డా. గట్ల అలవాటు చేసింది నేను," అన్నాడు డానియేలు. అనగానే ఆయనకు నిజంగా సిగ్గేసింది. "శనివారం మార్చ్ కొడదాం. ఎవలొచ్చినా ఆపొద్దు."

"గుండయ్య సేటు వస్తే?"

"ఆయనొచ్చినా ఆపొద్దు. ఏమైతదో నేను చూసుకుంట."

కొలువు పోతుందని ఆయనకు తెలుసు. బ్యాండు సెట్టు బేగంబజార్‌కు వాపసు పోవచ్చని కూడా తెలుసు.

శనివారం మార్చ్ రెండో నిమిషంలో ఉండగా గేటు కిర్రుమంది. కొత్త వియ్యంకుడిని వెంటబెట్టుకుని గుండయ్య. అమల కళ్లు డానియేలు చేతి మీదికి పోయాయి. ఆ చెయ్యి దిగలేదు. పిల్లలు వాయిస్తూనే ఉన్నారు. గుండయ్య ఒక కాలు లోపల, ఒక కాలు బయట పెట్టి నిలబడిపోయాడు. మొహం ఎర్రబడింది. వియ్యంకుడు అటూ ఇటూ చూసి, ఇదేదో పెద్ద గౌరవమనుకుని గబుక్కున సెల్యూట్ కొట్టాడు. గుండయ్యకు ఇక దారి లేక తానూ కొట్టాడు. మార్చ్ అయ్యేదాకా ఇద్దరూ ఎండలో కట్టెల్లా బిగుసుకుపోయి నిలబడ్డారు.

అయిపోయాక వియ్యంకుడు కళ్లు తుడుచుకున్నాడు. "ఇంత ఇజ్జత్ మా ఊళ్లె కలెక్టర్‌కు గూడ ఇయ్యరు బావా!"

గుండయ్య ఛాతీ ఉబ్బింది. "డానియేలన్నా, గా పాతది బంద్ వెట్టుండ్రి. ఇగ ఎవలొచ్చినా గిదే కొట్టాలె. అయ్యేదాక ఎవలూ కదలొద్దు."

మాట పూర్తి కాకముందే గేటు మళ్లీ కిర్రుమంది. సమితి సెక్రెటరీ, వెనకాల ఇద్దరు బామ్మర్దులు. వాళ్లను అక్కడే ఆగమని గుండయ్య చేయెత్తి, తాను మళ్లీ సెల్యూట్‌లో నిలబడ్డాడు.

అమల డానియేలును చూసి నవ్వింది. పోటీ తర్వాత ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. ఆ రోజు మార్చ్ మూడుసార్లు వాయించారు. మూడుసార్లూ చివరిదాకా.